అరిగిన గొట్టం.. నెత్తిన గండం

కాంక్రీటు పంపు లారీల పైపుల మందంపై కొరవడిన పట్టింపు
కొలిస్తేనే బయటపడే లోపం.. బాధ్యత ఎవరిదో తేలని వైనం

తుళ్లూరు: రాజధాని ప్రాంతంలో ఎటు చూసినా కాంక్రీటు పనులే. 2019 తరువాత ఆగిపోయిన అమరావతి నిర్మాణాలను 2025 మే 2న ప్రధాని నరేంద్ర మోదీ పునఃప్రారంభించారు. నాటి నుంచి తుళ్లూరు, వెలగపూడి, నేలపాడు, రాయపూడి పరిసరాల్లో రెడీమిక్స్ వాహనాల రాకపోకలు ఊపందుకున్నాయి. వాటి వెంటే పొడవాటి చేతిని ఆకాశంలోకి చాచే బూమ్ పంపు లారీలూ వచ్చాయి. మంగళగిరి, తాడేపల్లి, తెనాలి పట్టణాల్లో అపార్టుమెంట్లకే కాదు, సొంత ఇంటి స్లాబుకు సైతం పంపును పిలిపించడం పరిపాటిగా మారుతోంది. ఒకప్పుడు పదుల సంఖ్యలో కూలీలు వరుసగా నిలబడి తట్టలు అందించుకుంటూ పొద్దుగూకే దాకా పోసిన స్లాబు ఇప్పుడు కొద్ది గంటల్లోనే ముగుస్తోంది.

పని తేలికైన మాట నిజం. అయితే ఆ కాంక్రీటును మోసుకెళ్లే ఇనుప గొట్టంలో ఇంకా ఎంత మందం మిగిలి ఉందన్న ప్రశ్న మాత్రం పని జరిగేచోట అరుదుగానే వినిపిస్తుంది. లారీ టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది. బ్రేకు అరిగితే శబ్దం వస్తుంది. పంపు పైపు మాత్రం లోపలి నుంచి అరుగుతుంది. బయట రంగు చెక్కుచెదరకుండానే లోపల గోడ రేకులా పలచబడుతుంది. చివరకు ఒకనాడు మనుషుల తలల మీదుగా సాగుతున్న ఆ గొట్టమే పగులుతుంది. ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టే మార్గం ఉంది. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. కొలవాలన్న నియమం, కొలిచే అలవాటు కొరవడటమే అసలు సమస్య.

లోపల జరిగేది ఇదీ

బూమ్ పంపు లారీలపై సాధారణంగా 125 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపులను అమరుస్తారు. లారీ వెనుక హాపర్‌లో పడిన కాంక్రీటును రెండు సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి ముందుకు నెడతాయి. మిశ్రమం సరిగా కుదిరినప్పుడు కంకర పైపు మధ్యలో ముద్దగా కదులుతుంది. సిమెంటు, నీరు, సన్నని ఇసుక కలిసిన పలుచని పొర గోడ వెంట నూనెలా పనిచేస్తుంది. పని మొదలుపెట్టే ముందు సిమెంటు పాలు పంపేది ఆ పొర ఏర్పడటానికే.

మిశ్రమంలో మెత్తని భాగం తగ్గినా, నీరు విడిపోయినా, కీళ్ల వద్ద పాలు కారిపోయినా ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడు కంకర నేరుగా ఉక్కును రాచుకుంటూ వెళ్తుంది. నదీ ఇసుక రేణువులు కొంత నునుపుగా ఉంటాయి. రాతిని పిండి చేసి తీసే రోబో ఇసుకకు కోణాలు ఎక్కువ. దుమ్ము పాళ్లు, రేణువుల ఆకృతి సరిగా లేని రోబో ఇసుక వాడినచోట పైపు మరింత త్వరగా అరుగుతుంది. ఒకే రకం పైపు ఒక ఊరిలో ఎక్కువ కాలం, మరో ఊరిలో తక్కువ కాలం రావడానికి కారణం ఇదే. అందువల్ల 'ఇన్ని నెలలు వాడవచ్చు' అని కాలాన్ని బట్టి పైపు ఆయుష్షు నిర్ణయించడం కుదరదు. పోసిన ఘనపు మీటర్లు, వాడిన కంకర, మిగిలిన మందం.. ఈ మూడే ప్రమాణం.

లెక్క ఏం చెబుతోంది?

బూమ్ పంపు పైపులను సాధారణంగా 85 బార్ ఒత్తిడికి తట్టుకునేలా తయారు చేస్తారు. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో బరువు. లారీ టైరులోని గాలి ఒత్తిడి దాదాపు 8 బార్లు. అంటే పంపు పైపు టైరుకు పది రెట్లకు పైగా ఒత్తిడిని భరించేందుకు సిద్ధంగా ఉండాలి. 85 బార్ల వద్ద 125 మి.మీ. పైపు నోటిపై పడే తోపుడు బలం దాదాపు పదిన్నర టన్నులు. రెండు పైపులను కలిపి ఉంచే క్లాంపు ఆపుతున్నది ఆ బలాన్నే.

గోడ మందం తగ్గితే ఏమవుతుందో లెక్క కట్టి చూడవచ్చు. 85 బార్ల వద్ద 4 మి.మీ. మందం ఉన్న గోడలో ప్రతి చదరపు మిల్లీమీటరు ఉక్కుపై సుమారు 13.5 కిలోల లాగుడు పడుతుంది. మందం 2 మి.మీ.కు తగ్గితే అది 27 కిలోలవుతుంది. నిర్మాణాల్లో విరివిగా వాడే సాధారణ మెత్తని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 25 కిలోల వద్ద శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. దాదాపు 42 కిలోల వద్ద తెగిపోతుంది. అంటే సాధారణ ఉక్కు పైపు సగం అరిగేసరికే హద్దు దాటుతుంది. 1.3 మి.మీ.కు చేరితే పూర్తి ఒత్తిడికి తెగిపోతుంది. మేలైన ఉక్కుతో చేసిన పైపులకు ఈ హద్దులు మరికొంత ఎక్కువగా ఉంటాయి. లెక్క తీరు మాత్రం ఒక్కటే.. మందం సగమైతే భారం రెట్టింపు.

ఇక్కడే ఒక మాయ ఉంది. రెండు, మూడు అంతస్తుల ఇంటి స్లాబు పోసేటప్పుడు పంపు పూర్తి ఒత్తిడిని వాడదు. అందులో కొంత భాగంతోనే పని నడుస్తుంది. కాబట్టి బాగా అరిగిన పైపు కూడా నెలల తరబడి చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. కాంక్రీటు ఎక్కడో అడ్డుపడి జామ్ అయిన క్షణంలో ఒత్తిడి ఒక్కసారిగా పంపు గరిష్ఠ స్థాయికి ఎగబాకుతుంది. అరిగిన పైపు పగిలేది అప్పుడే. సరిగ్గా ఆ సమయంలోనే కూలీలు, మేస్త్రి, హెల్పరు జామ్ ఎక్కడుందో వెతుకుతూ పైపు చుట్టూ చేరతారు. 'నిన్నటిదాకా బాగానే ఉంది కదా' అన్న మాటకు విలువ లేకపోవడానికి కారణం ఇదే.

వంపుల వద్దే ఎక్కువ

పైపు అంతటా ఒకే తీరుగా అరగదు. తిన్నని పైపుకన్నా బెండ్లు వేగంగా పలచబడతాయి. వంపు తిరిగేటప్పుడు కంకర వెలుపలి గోడను ఒరుసుకుంటూ పోవడమే కారణం. పంపు నోటికి దగ్గరగా ఉండే మొదటి బెండ్లపై ఒత్తిడి కూడా ఎక్కువే. నేలపై అడ్డంగా పరిచే లైను పంపు పైపుల్లో అడుగు భాగం ముందుగా అరుగుతుంది. రెండు పైపులు కలిసే కాలరు పక్కన చిన్న మెట్టులా తేడా ఉన్నా అక్కడ సుడి ఏర్పడి గాడి పడుతుంది.

వేగం మరో అంశం. గంటకు 60 ఘనపు మీటర్ల చొప్పున పంపితే 125 మి.మీ. పైపులో కాంక్రీటు సెకనుకు సుమారు 1.36 మీటర్ల వేగంతో కదులుతుంది. అదే కాంక్రీటును 100 మి.మీ. పైపులోకి మళ్లిస్తే వేగం 2.1 మీటర్లు దాటుతుంది. పైపు సన్నబడినచోట అరుగుదల పెరగడానికి ఇదే మూలం. పని త్వరగా ముగించాలన్న ఆత్రంతో పంపును పూర్తి వేగంతో నడిపే ఆపరేటరు తెలియకుండానే పైపు ఆయుష్షును కరిగిస్తున్నాడన్న మాట.

అనుభవం ఉన్న ఆపరేటర్లు నేల మీది పైపులను అప్పుడప్పుడు కొంత కొంత తిప్పి బిగిస్తారు. దీనివల్ల అరుగుదల ఒకేచోట కాకుండా చుట్టూ సమానంగా పడుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ పని పైపు ఆయుష్షును పెంచుతుంది. అయితే తిప్పిన పైపు ఎంత మిగిలిందో తెలియాలన్నా కొలత తప్పదు.

నాణ్యతలో తేడాలు

మార్కెట్లో దొరికే పైపులు పైకి ఒకేలా కనిపించినా లోపల ఒకటి కావు. ఒక పొర ఉన్న ఉక్కు పైపు మొదటి రకం. రెండు పొరల పైపు రెండో రకం. రెండో దానిలో లోపలి పొరను గట్టిపరచి అరుగుదలను తట్టుకునేలా చేస్తారు. వెలుపలి పొర సాగే గుణం ఉన్న ఉక్కుతో ఒత్తిడిని మోస్తుంది. దీని ధర ఎక్కువైనా ఎక్కువ కాంక్రీటును మోస్తుంది. కొనుగోలు చేసేటప్పుడు పైపు ధరను కాదు, ఆ ధరను పైపు మోయగల ఘనపు మీటర్లతో భాగించి చూడటమే సరైన లెక్క.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది మూడో రకం. నీటి సరఫరాకు ఉద్దేశించిన మామూలు గొట్టాన్ని కోసి, రెండు చివర్లా కాలర్లు వెల్డింగ్ చేసి, పైన రంగు పూస్తే అది కూడా పంపు పైపులాగే కనిపిస్తుంది. దాని ఉక్కు ఏ రకమో, అతుకు ఎంత బలమో చెప్పే ముద్ర ఏదీ ఉండదు. కాలరు వద్ద వెల్డింగ్ సరిగా లేకపోతే గోడ మందంగా ఉన్నా అక్కడే విడిపోతుంది. కారుతున్న చోట రేకు ముక్క అతికించి వెల్డింగ్ చేయడం కూడా ఇలాంటి పొరపాటే. రంధ్రం పడిందంటే దాని చుట్టూ ఉన్న గోడ కూడా పలచబడినట్టే. గట్టిపరచిన పైపుపై వెల్డింగ్ వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది. ఒక కంపెనీ కాలరుకు మరో కంపెనీ క్లాంపు బిగించడం, క్లాంపుకు పిన్ను పెట్టకుండా వదిలేయడం కూడా ప్రమాదాన్ని పిలిచి తెచ్చుకోవడమే.

మందం పెంచితే సరిపోదా?

పలచని పైపు ప్రమాదమైతే మందమైనది వేస్తే చాలుకదా అన్న సందేహం సహజం. నేల మీది లైనుకు అది కుదురుతుంది. బూమ్‌కు కుదరదు. 125 మి.మీ. పైపు 4 మి.మీ. మందంతో మీటరుకు దాదాపు 12.7 కిలోలు తూగుతుంది. 7 మి.మీ. మందంతో అయితే దాదాపు 22.8 కిలోలు. 36 మీటర్ల పొడవుకు తేడా 360 కిలోలు దాటుతుంది. పైపులో నిండే కాంక్రీటు బరువు మీటరుకు మరో 29 కిలోలు ఎలాగూ ఉంటుంది. చాచిన చేతి చివర అదనంగా పడే బరువు బూమ్ కీళ్లపైనా, లారీ నిలకడపైనా ప్రభావం చూపుతుంది. బూమ్ తయారీదారు నిర్దేశించిన బరువును మించిన పైపును, చివరి రబ్బరు హోసుకు అదనపు పొడవును తగిలించకూడదని చెప్పేది ఇందుకే. కాబట్టి బూమ్‌పై పలచని పైపు తప్పదు. తప్పనిసరైన ఆ పలచదనాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండటమే మార్గం.

సుత్తి దెబ్బతో తేలేది కాదు

పైపును సుత్తితో కొట్టి మోతను బట్టి మందం చెప్పడం పాత అలవాటు. బాగా అరిగిన పైపు మోత మారుతుందన్నది నిజమే అయినా, ఇంకా ఎంత మిగిలిందో ఆ మోత చెప్పదు. గట్టిపరచిన పైపును సుత్తితో కొడితే లోపలి పొర పగులుబారే ప్రమాదమూ ఉంది. జామ్ తొలగించేందుకు సుత్తులతో బాదడం వల్ల పడే సొట్టలు తరువాతి అరుగుదలకు బీజాలవుతాయి.

మందం కొలిచేందుకు చేతిలో ఇమిడే అల్ట్రాసోనిక్ గేజి ఉంది. బయటి నుంచి పైపుకు తాకిస్తే శబ్దతరంగాలు గోడలోకి వెళ్లి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి మందం చెబుతుంది. ప్రతి బెండు వెలుపలి వైపున, ప్రతి పైపుకు రెండు చివర్లా, చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. అయితే రెండు పొరల పైపు విషయంలో జాగ్రత్త అవసరం. పొరల మధ్య సన్నని ఖాళీ ఉంటుంది కనుక గేజి వెలుపలి పొరను మాత్రమే చూపుతుంది. లోపలి పొర పూర్తిగా పోయినా అంకె మారదు. అలాంటి పైపును కడిగిన తరువాత విప్పి, దీపం వెలుతురులో చివర్ల నుంచి చూడాలి. లోపలి పొర పోయినట్టు తేలితే వెంటనే మార్చాలి. మిగిలిన మెత్తని పొర ఎంతో కాలం నిలవదు.

పగిలితే ఎవరికి నష్టం?

మొదటి బాధితుడు చివరి హోసు పట్టుకున్న కూలీ. ఒడిశా, బిహార్, పశ్చిమబెంగాల్ రాష్ట్రాల నుంచి పొట్టకూటి కోసం వచ్చినవారు, చుట్టుపక్కల గ్రామాల రైతు కూలీలు ఈ పనుల్లో ఉంటారు. సన్నని రంధ్రం నుంచి చిమ్మే సిమెంటు పాలు కళ్లలో పడితే చూపునకే ముప్పు. తడి సిమెంటు క్షారగుణం వల్ల చర్మం కాలిపోతుంది. పైపు లేదా క్లాంపు విడిపోతే రాళ్లు తూటాల్లా వస్తాయి. పైపులోకి గాలి చేరి, ఆ తరువాత కాంక్రీటు ఒక్కసారిగా తోసుకువస్తే చివరి హోసు కొరడాలా విసురుతుంది. ఆ దెబ్బకు మనిషి స్లాబు అంచు నుంచి కిందపడవచ్చు. పంపును మొదలుపెట్టేటప్పుడు, ఆపి తిరిగి నడిపేటప్పుడు హోసు దగ్గర ఎవరూ ఉండరాదని చెప్పడం ఇందుకే.

రెండో బాధితుడు ఇంటి యజమాని. పైపు పగిలి పని మధ్యలో ఆగితే, ఎండ తీవ్రత ఎక్కువగా ఉండే ఈ జిల్లాలో అప్పటికే పోసిన కాంక్రీటు త్వరగా బిగుసుకుంటుంది. తరువాత పోసింది దానితో కలవదు. ఆ అతుకు వెంట వానాకాలంలో నీరు దిగుతుంది. క్యూలో నిలిచిన మిక్సర్ వాహనంలోని సరుకు గట్టిపడుతుందని అందులో నీళ్లు కలిపితే స్లాబు బలం తగ్గుతుంది. జీవితకాలపు పొదుపుతో కట్టుకున్న ఇంటికి ఇది తీరని లోపం.

చట్టంలో ఉన్నది.. లేనిది

భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం-1996 కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో కాంక్రీటు పంపుల ప్రస్తావన ఉంది. పైపును మోసే పరంజా నిండు పైపు బరువుకు నాలుగింతల భద్రతతో ఉండాలని, పైపును చివర, ప్రతి వంపు వద్ద గట్టిగా బంధించాలని, పంపు నోటికి బోల్టు కాలరుతో బిగించాలని, నిర్ణీత సంకేతాలతోనే పంపు నడపాలని, చుట్టూ పనిచేసేవారు కళ్లద్దాలు ధరించాలని అవి చెప్పాయి. పైపు గోడ ఎంత మందం ఉండాలి, ఎన్నాళ్లకు కొలవాలి, ఎవరు రాసి ఉంచాలి అన్న మాట మాత్రం ఆ నిబంధనలో లేకపోవడం గమనార్హం. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020 అమల్లోకి వచ్చింది. పాత లోటును పూడ్చేందుకు ఇది తగిన అదను.

లారీగా చూస్తే పంపు వాహనానికి రవాణా శాఖ ఇచ్చే ఫిట్‌నెస్ పత్రం ఉంటుంది. అది బ్రేకులు, దీపాలు, స్టీరింగు వంటి వాటికి సంబంధించినది. కాంక్రీటు పైపుకు దానితో సంబంధం లేదు. ఇంట్లో వాడే వంటగ్యాస్ సిలిండరుపై సైతం తదుపరి పరీక్ష ఏ సంవత్సరం ఏ త్రైమాసికంలో జరగాలో అక్షరం, అంకెతో రాసి ఉంటుంది. గృహిణి కూడా దాన్ని చదివి సిలిండరును తిప్పి పంపగలదు. అంతకు ఎన్నో రెట్ల ఒత్తిడిని భరిస్తూ మనుషుల తలల మీదుగా సాగే పైపుపై అలాంటి ముద్ర లేదు.

ఇతర దేశాలు ఈ దిశగా ముందడుగు వేశాయి. కాంక్రీటు పంపింగ్ యంత్రాల భద్రతకు ఐరోపాలో ప్రత్యేక ప్రమాణం ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం కాంక్రీటు పంపింగ్‌కే ప్రత్యేకంగా నియమావళిని రూపొందించి 2019లో సవరించింది. పైపుల మందం పరీక్ష అందులో భాగం.

ఒకరిపై ఒకరు

పెద్ద కాంట్రాక్టు సంస్థ ఉప కాంట్రాక్టరుకు పని అప్పగిస్తుంది. అతడు పంపును అద్దెకు తెస్తాడు. పంపు యజమాని మరో ఊరిలో ఉంటాడు. లారీతో వచ్చేది ఆపరేటరు, హెల్పరు మాత్రమే. పైపు మార్చాలని ఆపరేటరుకు అనిపించినా ఖర్చు పెట్టే అధికారం అతనికి లేదు. అద్దె ఎంత తక్కువైతే అంత మేలని బేరమాడే యజమానులు పైపు గురించి అడగరు. అడగని దానికి ఖర్చు పెట్టేవారు అరుదు. నాణ్యమైన పైపు వేసిన పంపు యజమాని అద్దె పోటీలో వెనుకబడటం, అరిగిన పైపుతో నెట్టుకొచ్చేవాడికి పని దొరకడం ఈ పద్ధతిలోని అసలు లోపం. అందరూ కొలవాలన్న నియమం ఉంటే ఈ అన్యాయపు పోటీ తొలగుతుంది.

చేయదగినవి

పెద్ద పనుల్లో టెండరు షరతులలోనే పైపు మందం నివేదికను చేర్చవచ్చు. కాంక్రీటు ఘనాలను పరీక్షించి బలం తేల్చాకే బిల్లు చెల్లించే పద్ధతి ఇప్పటికే ఉంది. అదే వరుసలో పంపు ఆవరణలోకి వచ్చేముందు గేజి పరీక్ష పెట్టడం కష్టం కాదు. ప్రతి పైపుకు, బెండుకు సంఖ్య వేసి, అమర్చిన తేదీ, పోసిన ఘనపు మీటర్లు, కొలిచిన మందం ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ఆ పుస్తకం లారీలోనే ఉండాలి. పంపు యజమానులు కలిసి ఒక గేజిని కొనుక్కున్నా సరిపోతుంది. కార్మిక శాఖ తనిఖీల్లో ఆ పుస్తకాన్ని అడిగితే అలవాటు దానంతట అదే ఏర్పడుతుంది.

జామ్ అయినప్పుడు ముందుగా పంపును వెనక్కి నడిపి ఒత్తిడి తగ్గించకుండా క్లాంపు విప్పరాదన్న సూత్రాన్ని హెల్పర్లకు వారి భాషలో చెప్పాలి. పైపు కడిగేందుకు గాలికి బదులు నీటిని వాడాలి. గాలితో తోసిన స్పాంజి బంతి ఫిరంగి గుండులా బయటకు వస్తుంది.

ఇంటి యజమాని అడగవలసినవి

- బెండ్లను చివరిసారి ఎప్పుడు కొలిచారు? ఆ అంకె రాసి ఉందా?
- పైపులపై వెల్డింగ్ అతుకులు, సొట్టలు, కారిన మరకలు ఉన్నాయా?
- ప్రతి క్లాంపుకు పిన్ను ఉందా?
- చివరి హోసుకు అదనపు ముక్క, చివరన ఇనుప కాలరు తగిలించలేదు కదా?
- హోసు పట్టుకునేవారికి కళ్లద్దాలు, తొడుగులు, బూట్లు ఉన్నాయా?
- పంపు పనిచేస్తున్నంతసేపు బూమ్ కింద, పైపు పక్కన ఎవరూ నిలబడకుండా చూసేదెవరు?

ఈ ప్రశ్నలు అడగడానికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. కొత్త రంగు పూసిన పైపును చూసి కొత్తదని నమ్మకపోతే చాలు. రాజధాని పనులు ఏళ్ల తరబడి సాగుతాయి. ఆ భవనాల్లో రేపు కొలువుదీరేవారి భద్రతకు స్తంభాల్లోని ఇనుమును లెక్కగట్టి వేస్తున్నారు. వాటిని కట్టే కూలీ నెత్తి మీదుగా సాగే గొట్టానికీ ఆ లెక్క వర్తించాలి. గేజి చూపే ఒక్క అంకెను పుస్తకంలోకి ఎక్కించడం నుంచే అది మొదలవుతుంది.